జిప్పు చివరి బెత్తెడు

"వదిలెయ్. అది వాడి పని."

బర్మింగ్‌హామ్‌లో, పిల్లలకు రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేరిన మొదటి చలికాలంలో మా సీనియర్ నన్ను అన్న మాట ఇది. ఆరేళ్ళ బాబు కోటు జిప్పుతో తంటాలు పడుతున్నాడు. అడుగున రెండు కొసలూ నేను కలిపి ఇచ్చాను. సగం దాకా లాగి ఆగాడు. బయట వాళ్ళమ్మ ఎదురుచూస్తోంది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి జిప్పును మెడదాకా లాగేసింది. బాబు రెండు చేతులూ కిందికి దించేశాడు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. పసివాడికి సాయం చేస్తే తప్పా? వీళ్ళకి పిల్లల్ని ముద్దు చేయడం తెలియదు అనుకున్నాను. అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

కానీ నేను చదువుకున్నదీ అదే. బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటాం. ముందు మెట్లన్నీ మనం చేసి, చిట్టచివరిది పిల్లలకు వదలడం. ప్యాంటు మోకాళ్ళు దాటేదాకా మనం ఎక్కిస్తే, నడుము దాకా వాడు లాక్కుంటాడు. అది వచ్చాక మోకాళ్ళ దగ్గర నుంచి, ఆ తర్వాత మడమల దగ్గర నుంచి. ఎప్పుడైనా పని పూర్తి చేసింది వాడే అవుతాడు. అందుకే మళ్ళీ చేయాలనిపిస్తుంది. నేను లాగేసుకున్నది ఆ చివరి బెత్తెడే.

అలాగని అక్కడివన్నీ ఒప్పేసుకోలేదు. పిల్లల నేర్పు అంచనా వేసే ఫారంలో, ఫోర్కు, కత్తి వాడగలదా అన్న ప్రశ్నకు మన వైపు పాప ఒకరికి 'లేదు' అని రాశారు. వేడి చూసుకుంటూ పప్పన్నం కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి తోసుకునే పిల్లకి చేతుల్లో నేర్పు లేదని ఎలా రాస్తారు? గట్టిగా వాదించాను. 'చేత్తో చక్కగా తింటుంది' అని పక్కన చేర్చారు. ఆ ఒక్క వాక్యానికి నాకెంత సంతోషమేసిందో.

డిసెంబరులో సెలవు పెట్టి విశాఖ వచ్చాను. పెదవాల్తేరులో మా ఇల్లు. అన్నయ్య కొడుక్కి ఏడేళ్ళు. బొత్తాలు పెట్టుకోలేడు, అక్షరాలు గీత మీద నిలవవు. ఇంట్లో బద్ధకం అంటారు. చేతుల కదలికలు కుదుర్చుకోవడం కొందరు పిల్లలకు నిజంగానే కష్టం, తెలివితో దానికి సంబంధం లేదు. ఒకసారి ఆక్యుపేషనల్ థెరపిస్టుకి చూపిద్దామంటే, "ఫిజియోథెరపీయా? కాళ్ళూ చేతులూ బానే ఉన్నాయిగా" అన్నాడు అన్నయ్య. స్నానం, బట్టలు, పెన్సిలు, తిండి, ఇలా వాడి రోజు వాడు గడుపుకోవడానికి అన్నయ్యా, అన్నాను.

వదినకి రెండే చెప్పాను. పొద్దున్నే స్కూలు ఆటో హారన్ కొడుతుంటే ఆ టెన్షన్‌లో నేర్పొద్దు. సాయంత్రం బట్టలు మార్చేటప్పుడు మొదలుపెట్టు, తొడుక్కోవడం కన్నా విప్పుకోవడం తేలిక. రాసేటప్పుడు కాళ్ళు వేలాడకుండా కింద పీట వెయ్యి.

అమ్మతోనే కష్టం. రాత్రిళ్ళు డాబా మీద, లంగరేసిన ఓడల దీపాలు చూపిస్తూ వాడికి ముద్దలు పెడుతుంది. నాకూ అలాగే పెట్టింది.

"ఏటే, మనవడికి అన్నం పెట్టుకోడం కూడా తప్పేనా?"

తప్పని ఎలా అనను? ఆ ముద్దల కోసమే కదా నేను ఇంత దూరం వచ్చింది. "అన్నీ నువ్వే పెట్టమ్మా. ఆఖరి ముద్ద మాత్రం వాణ్ణి కలుపుకోనీ" అన్నాను.

ఆ రాత్రి కంచం వాడి ముందుకు జరిపింది. సగం మెతుకులు చాప మీద పడ్డాయి. అమ్మ చెయ్యి ముందుకెళ్ళి, ఆగి, కొంగు పట్టుకుంది. వాడు తిన్నాడు.

"నాన్నమ్మా, ఇంకొంచెం పెరుగు" అన్నాడు.