అహోబిలంలో ఖాళీగా ఉంచుకున్న పూటలు

అహోబిలం వెళ్దామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: తొమ్మిది నరసింహుల దర్శనం ఒక్కరోజులో అయిపోతుందా? తెల్లవారకముందే లేచి, జీపు మాట్లాడుకుని, ఎక్కడా కూర్చోకుండా నడిస్తే అవుతుంది. ఎవరడిగినా నేను మాత్రం రెండు రాత్రులు ఉండేలా వెళ్ళమంటాను. మా ఇంట్లో ఇప్పటికీ ఆ యాత్ర గురించి మాట్లాడుకునేవన్నీ ముందుగా వేసుకున్న లెక్కలో లేని సంగతులే. అవి ఎక్కువగా ఎదురుచూపుల్లో దొరికాయి. అహోబిలంలో ఎదురుచూపులకు కొదవలేదు.

మొదటిది ఆళ్ళగడ్డలోనే మొదలవుతుంది. రైల్లో వచ్చేవాళ్ళు నంద్యాలలో దిగి, ఆళ్ళగడ్డ వచ్చి, అక్కడ అహోబిలం బస్సెక్కాలి. బస్సు వెళ్ళిపోయిందంటే దిగులు పడనక్కర్లేదు. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు పేరున్న ఊరు. రోడ్డు పక్కన షెడ్లలో పని సాగుతూనే ఉంటుంది. అడిగి లోపలికెళ్తే ఎవరూ కాదనరు. ఒకచోట అమ్మవారి విగ్రహం నగలు, చీర కుచ్చిళ్ళు అన్నీ పూర్తయి, కళ్ళ దగ్గర మాత్రం నున్నటి రాయిగా ఉండిపోయింది. కళ్ళు చివరన తీరుస్తారు. ఉలి దెబ్బకు లేచిన పొడిని శిల్పి నోటితో ఊది, వేలితో తడిమి, మళ్ళీ ఒక దెబ్బ వేస్తాడు. ఆ తడమడం చూస్తూ ఉంటే ఇంకో బస్సు కూడా వెళ్ళిపోతుంది.

దిగువ అహోబిలం చేరాక ఆ సాయంత్రానికి ప్రహ్లాదవరదుడి గుడి, యోగానంద, ఛత్రవట నరసింహులు చాలు. ఆ రెండు గుళ్ళకూ ఆటో వెళ్తుంది. పరుగున వచ్చేవాళ్ళు ఛత్రవటంలో ఐదు నిమిషాలే ఉంటారు. అక్కడి స్వామి ఎడమచెయ్యిని దగ్గరగా చూడండి, తాళం వేస్తున్నట్టుంటుంది. హాహా, హూహూ అనే గంధర్వులు పాడుతుంటే విని మెచ్చాడని స్థలపురాణం. అన్నమయ్య అహోబిల మఠం తొలి జీయరు ఆదివన్ శఠకోప యతి దగ్గర శాస్త్రాలు చదివాడని సంప్రదాయం చెబుతుంది. అందుకేనేమో ఇక్కడికి వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. మేమున్నప్పుడు ఒక పెద్దావిడ గడప పక్కన కూర్చుని కీర్తన ఎత్తుకున్నారు. చరణం మధ్యలో మాట మరిచిపోతే, ముందెప్పుడూ చూడని ఇంకొకావిడ వెనకనుంచి అందించారు. ఆటో అతను కూడా హారన్ కొట్టకుండా ఆగాడు. అందుకే ఆటో మాట్లాడుకునేటప్పుడే "గుడి దగ్గర అరగంట ఆగాలి" అని చెప్పి ధర తేల్చుకోవాలి. అలా చెప్పకపోతే వెయిటింగ్ దగ్గర మాట పెరుగుతుంది, ఆ చిరాకుతో పాట చెవికెక్కదు.

అసలు నడక ఎగువ అహోబిలంలో. దిగువ నుంచి ఎనిమిది కిలోమీటర్లు. పొద్దున మొదటి బస్సుకో, ఆటోకో పైకి వెళ్ళి, గుహలోని ఉగ్ర నరసింహుడి దర్శనం చేసుకుని, భవనాశి ఏటి వెంట బయలుదేరాలి. గుడి దగ్గర వెదురు కర్రలు దొరుకుతాయి, తప్పక తీసుకోండి. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు గుండురాళ్ళ మీద మోకాళ్ళను కాపాడేది అదే. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, కొన్ని బొరుగులు, బెల్లం ముక్క, హారతి పళ్ళెంలోకి పది, ఇరవై రూపాయల నోట్లు. తిండిని చేతిలో కవర్లలో పట్టుకోవద్దు. కవరు చప్పుడు వింటే కోతులు వస్తాయి, వస్తే వదలవు. అన్నీ వీపుకు తగిలించుకునే సంచిలో జిప్పు వేసి పెట్టుకోవాలి. అడవిలోకి వెళ్ళాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. విడిపోతే ఎక్కడ కలవాలో గుడి దగ్గరే అనుకోవాలి.

కిలోమీటరు దూరంలో క్రోడ నరసింహుడు, ఆ పైన జ్వాలా నరసింహుడు. దారి చాలాచోట్ల ఏటిలోని బండల మీదుగానే. వానల రోజుల్లో జ్వాలా దగ్గర కొండ అంచు మీదనుంచి పడే ధార కిందుగా నడవాలి, తడవక తప్పదు. ఫోన్లకు ప్లాస్టిక్ సంచి ఒకటి పెట్టుకోండి.

ఈ ఏటి దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. తలపైన ఎండ కాస్తుంటే ఏరు పెరగదనుకుంటారు. వాన పైకొండల్లో కురిస్తే చాలు, కింద నీళ్ళు మారిపోతాయి. మాతో వచ్చిన చెంచు పెద్దాయన ఒక దాటు దగ్గర ఆగి నీళ్ళవంక చూశాడు. తేటగా ఉన్న నీళ్ళలో ఎర్రమట్టి జీర కనబడింది, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నాయి. "కూచోండి సామీ, పైన వాన పడింది. తేరుకోనీ" అన్నాడు. నీటి అంచున ఒక తెల్లరాయి పెట్టాడు. కాసేపటికి అది మునిగింది. దాటుదామని చెప్పులు చేతబట్టుకున్నవాళ్ళు కూడా వెనక్కొచ్చి కూర్చున్నారు. ఒక బండ కింద అందరూ మూటలు విప్పారు. ఒకరి పులిహోర, ఒకరి ఉగ్గాని, మా బొరుగులు, ఎవరిది ఎవరు తిన్నారో తెలియలేదు. ఆ పెద్దాయన నరసింహుణ్ణి ఇంటి అల్లుడి గురించి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. చెంచులక్ష్మి వాళ్ళ ఆడబిడ్డ కదా. తెల్లరాయి మళ్ళీ బయటపడి, నీళ్ళు తేటబడేదాకా ఆయన లేవలేదు. ఆ గంట కోసం మళ్ళీ అహోబిలం వెళ్ళమన్నా వెళ్తాను.

ఒంటరిగా వెళ్ళినా, జట్టుగా వెళ్ళినా, తోడుకు ఊరి మనిషిని తీసుకెళ్ళమనేది ఇందుకే. దారి చూపడానికి గుర్తులు చాలావరకు సరిపోతాయి. నీళ్ళ రంగు చదవడం మాత్రం మనకు చేతకాదు.

జ్వాలా గుడి దగ్గర రక్తకుండం ఉంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన చేతులు స్వామి ఇక్కడే కడుక్కున్నాడంటారు. గుంటలో నీళ్ళు ఎర్రగా కనబడతాయి, దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉంటాయి. చూసి ఫోటో తీసుకుని వెళ్ళిపోకుండా, వంగి దోసిలి పట్టండి. పిల్లలుంటే వాళ్ళనే ముందు పట్టమనండి.

నరసింహుడు వెలువడిన స్తంభమని చెప్పే కొండకొమ్ము, ఉక్కుస్తంభం సంగతి వేరు. జ్వాలా నుంచి పైకి ఎక్కే దారి నిలువుగా ఉంటుంది, రాళ్ళు కదులుతాయి, చివర చేతులతో పట్టుకుని ఎక్కాలి. పదకొండు లోపు జ్వాలా దగ్గర ఉంటేనే దాని ఆలోచన చెయ్యాలి. తడి ఉంటే అదీ వద్దు. ఎక్కనివాళ్ళు పోగొట్టుకునేదేమీ లేదు. కిందికొచ్చే దారిలో మాలోల నరసింహుడి వైపు మళ్ళండి. ఉగ్రరూపం చూసి వచ్చాక తొడపై లక్ష్మితో ప్రసన్నంగా కూర్చున్న స్వామి ఎదురవుతాడు. ఈ వరుస తిరగేయకండి. ఆ పక్కనే ప్రహ్లాద బడి, బండ నిండా పిల్లవాడు దిద్దినట్టు గీతలు.

మధ్యాహ్నం గుళ్ళు కాసేపు మూస్తారు. కారంజ నరసింహుడు దిగువకు వచ్చే రోడ్డు పక్కనే కాబట్టి ఆయన్ని సాయంత్రానికి ఉంచుకోవచ్చు. పావన, భార్గవ మర్నాటికి. పావనకు అడవి దారిలో జీపు ఎక్కాలి. విడిగా వెళ్ళేవాళ్ళు జీపు నిండేదాకా ఆగాలి. ఎదిగిన మనిషి తల పైకప్పుకు తగిలేంత కుదుపులుంటాయి, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందు సీటు అడిగి తీసుకోండి. మాలోని పెద్దలు ఇద్దరు ఆ నిండే జీపులోనే కర్ణాటక నుంచి వచ్చిన కుటుంబంతో స్నేహం కలుపుకున్నారు. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు, దేవుడి పేర్లతో మిగతా సగం నడిచిపోయింది.

సంక్రాంతి తర్వాత వెళ్ళేవాళ్ళకు ఇంకొకటి దొరకొచ్చు. కనుమ నాడు పార్వేట మొదలవుతుంది. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో బయలుదేరి, స్వామి పెళ్ళికి రమ్మని పిలవడానికి నెలన్నర దాకా చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతారు. ఓబులేసు, ఓబులమ్మ అని పిల్లలకు పేర్లు పెట్టుకునే ఊళ్ళవి. ఏ పూట ఏ ఊళ్ళో ఉంటారో ఆళ్ళగడ్డ బస్టాండులో కండక్టర్లను అడిగితే చెబుతారు. అహోబిలంలో ఒక గుడి తగ్గినా సరే, ఆ ఊరి బస్సెక్కండి. టెంకాయ, అగ్గిపెట్టె, కర్పూరం దగ్గరుంచుకోండి. పల్లకి ఇంటి ముందుకొచ్చాక కొట్టుకు పరుగెత్తే వ్యవధి ఉండదు.