ర్యాలీ ఇంజిన్‌కి 24 గంటల పరీక్ష: జెనెసిస్ జీఎంఆర్-001 మీద నా ఆశలు, భయాలు

2024 డిసెంబర్‌లో దుబాయ్‌లో జెనెసిస్ తన రేసు కారు నమూనాను చూపించినప్పుడు అందరూ మాట్లాడుకున్నది దాని నారింజ రంగు గురించి, ముందూ వెనకా జంట గీతల్లా వెలిగే లైట్ల గురించి. అందంగా ఉందన్న మాట నిజమే. నా ఎదురుచూపు మాత్రం వెనక మూత కింద ఉన్న 3.2 లీటర్ల ట్విన్ టర్బో వీ8 ఇంజిన్ కోసం. హ్యుందాయ్ గ్రూపు లగ్జరీ బ్రాండ్ అయిన జెనెసిస్ 2026 నుంచి, గంటల తరబడి సాగే రేసుల వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లో రెండు కార్లు దింపుతోంది. ఆ సాహసం బరువంతా మోసేది ఈ ఒక్క ఇంజినే.

ఎందుకో తెలియాలంటే ఈ కారు దిగే ఎల్ఎండీహెచ్ అనే తరగతి నిబంధనలు కొంచెం తెలియాలి. ఈ తరగతిలో కంపెనీ కారు మొత్తాన్ని సొంతంగా కట్టదు. డల్లారా, లిజియే, మల్టీమాటిక్, ఒరెకా అనే నాలుగు సంస్థల్లో ఒకదాని దగ్గర చాసిస్, అంటే కారు అస్థిపంజరం, తీసుకోవాలి. జెనెసిస్ ఫ్రాన్స్‌కి చెందిన ఒరెకాను ఎంచుకుంది. హైబ్రిడ్ మోటార్ బాష్‌ది, 50 కిలోవాట్లది. బ్యాటరీ విలియమ్స్ అడ్వాన్స్‌డ్ ఇంజినీరింగ్ తయారుచేసింది, 1.35 కిలోవాట్ అవర్లు మాత్రమే. ఏడు గేర్ల గేర్‌బాక్స్ ఎక్స్‌ట్రాక్‌ది. ఇవి ఎల్ఎండీహెచ్ కార్లన్నిటికీ ఒకటే. కనీస బరువు 1030 కిలోలు. ఇంజిన్, మోటార్ కలిపి చక్రాలకు పంపే శక్తి సుమారు 500 కిలోవాట్లు, అంటే 680 హార్స్‌పవర్ దగ్గర. ఇక కంపెనీ చేతిలో మిగిలేవి ఇంజిన్, బాడీ ఆకారం, సాఫ్ట్‌వేర్. మొదటి ఏడాది కారును గ్యారేజీకి తెచ్చేవి సాధారణంగా వీటిలో మొదటిదీ చివరిదీ, లేదా కొత్త ఇంజిన్‌కీ ఉమ్మడి హైబ్రిడ్‌కీ పొసగని చోట పుట్టే తంటాలు.

ఇప్పుడు ఇంజిన్ సంగతి. హ్యుందాయ్‌కి వరల్డ్ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఏళ్ల అనుభవం ఉంది. అక్కడి ఇంజిన్ 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో. ఒక్కో సిలిండర్ 400 సీసీ. ఎనిమిది పెడితే 3.2 లీటర్లు. జర్మనీలోని ఆల్జెనావ్‌లో ఉన్న హ్యుందాయ్ మోటార్‌స్పోర్ట్ సరిగ్గా ఆ దారినే పట్టింది: ర్యాలీ ఇంజిన్ మీద నేర్చుకున్నదాన్ని పునాదిగా చేసుకుని వీ8 కట్టింది. తెలివైన నిర్ణయమని నా అభిప్రాయం. పిస్టన్ కొలత, దహన గది ఆకారం, డైరెక్ట్ ఇంజెక్షన్ స్ప్రే, వాల్వ్‌ల అమరిక, ఇవన్నీ సున్నా నుంచి మొదలుపెడితే రెండేళ్లు అక్కడే పోతాయి.

ప్రమాదమూ అక్కడే ఉంది. ర్యాలీలో ఒక స్టేజ్ కొన్ని నిమిషాల నుంచి అరగంట వరకూ సాగుతుంది. డ్రైవర్ యాక్సిలరేటర్‌ని తొక్కుతూ వదులుతూ ఉంటాడు, ఫుల్ థ్రాటిల్ ఒకేసారి చాలాసేపు ఉండడం అరుదు. మధ్యలో సర్వీస్ పార్క్ ఉంటుంది. ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు లె మాన్‌లో ఒక ల్యాప్ 13.626 కిలోమీటర్లు. 2025లో గెలిచిన ఫెరారీ 387 ల్యాప్‌లు తిరిగింది, అంటే 5,270 కిలోమీటర్ల పైమాటే. అక్కడి పొడవైన ముల్సాన్ స్ట్రెయిట్‌ని 1990లో రెండు షికేన్లు (వేగం తగ్గించే వంకర మలుపులు) పెట్టి మూడు ముక్కలు చేసినా, ఒక్కో ముక్కలో ఇంజిన్ చాలా సెకన్ల పాటు పూర్తి లోడ్‌లో ఉంటుంది. ప్రతి మూడున్నర నిమిషాలకీ అదే మళ్లీ మళ్లీ. పిస్టన్ పైభాగంలో వేడి దిగడానికి వ్యవధి దొరకదు. రింగులు అరిగితే దహన వాయువులు కిందికి జారి ఆయిల్‌ని పాడుచేస్తాయి, ఆయిల్ వాడకం పెరుగుతుంది, బేరింగుల మీద ఆయిల్ పొర పలచబడుతుంది. ర్యాలీలో ఎప్పుడూ తలెత్తని లోపం ఇక్కడ 15వ గంటలో బయటపడొచ్చు. పోర్షే కర్వ్స్ లాంటి పొడవైన వేగపు మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు తోసుకుపోతుంది. ఆయిల్‌ని వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ ఉన్నా, దాన్ని వెనక్కి లాగే పంపులు ఆ పక్క నుంచి గాలి పీల్చకుండా చూసుకోవాలి. బెంచ్ మీద ఇంజిన్‌ని ఎన్ని గంటలు తిప్పినా ఈ ఒక్క విషయం పూర్తిగా తెలియదు.

ఇంకోటి కంపనం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు పిస్టన్లు పైకి వెళ్తుంటే రెండు కిందికి వస్తాయి. పైకీ కిందికీ వాటి కదలిక వేగం సరిసమానంగా ఉండదు కాబట్టి క్రాంక్ వేగానికి రెండింతల వేగంతో ఒక కంపనం మిగిలిపోతుంది. అలాంటి నాలుగు సిలిండర్ల వరసలు రెండింటిని ఫ్లాట్ ప్లేన్ క్రాంక్‌తో (మెలికలన్నీ ఒకే తలంలో ఉండే క్రాంక్) కలిపితే, 90 డిగ్రీల వీ8లో ఆ కంపనం అడ్డంగా, పక్కలకు తోస్తుంది. దానివల్ల లాభమూ ఉంది: ఒక్కో వరస అచ్చం నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లా పొగ వదులుతుంది, ఒక్కో టర్బోకి సమాన విరామాలతో ఎగ్జాస్ట్ అందుతుంది. ర్యాలీలో నేర్చిన టర్బో విద్య అంతా అక్కరకొస్తుంది. మెలికలు అడ్డంగా, నిలువుగా ఉండే క్రాస్ ప్లేన్ క్రాంక్ పెడితే ఆ కంపనం రద్దవుతుంది కానీ బరువైన కౌంటర్ వెయిట్లు కావాలి, ఒక్కో వరస ఎగ్జాస్ట్ తాళం తప్పుతుంది. రేసు కారులో ఇంజిన్‌ని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టరు, అది చాసిస్‌లో భాగంగా బిగిసి ఉంటుంది. కాబట్టి కంపనమంతా నేరుగా గేర్‌బాక్స్‌కీ, హైబ్రిడ్ మోటార్‌కీ, వైరింగ్ కనెక్టర్లకీ పాకుతుంది. ఎండ్యూరెన్స్ కార్లలో ఇంజిన్ చక్కగా తిరుగుతున్నా, దాని పక్కనున్న చిన్న కనెక్టర్ పిన్ను అరిగి కారు ఆగిపోవడం సామాన్యంగా జరిగేదే.

ఆగకపోయినా పెనాల్టీ పడొచ్చు. వెనక డ్రైవ్ షాఫ్టుల మీద టార్క్ సెన్సర్లు ఉంటాయి. ఏ వేగం దగ్గర ఎంత శక్తి పంపవచ్చో అధికారులు ఒక గీత గీసి ఇస్తారు. అది దాటితే శిక్ష తప్పదు. పైగా ఒక స్టింట్‌లో, అంటే ఒక పిట్ స్టాప్ నుంచి ఇంకో పిట్ స్టాప్ వరకూ, వాడదగ్గ శక్తికీ మెగాజూళ్లలో పరిమితి ఉంటుంది, అది 900 మెగాజూళ్లకు అటూ ఇటూ. గేర్ మారినప్పుడో, ట్రాక్ అంచున ఉండే కర్బు ఎక్కి చక్రం గాల్లో తిరిగి మళ్లీ నేలను తాకినప్పుడో టార్క్ ఒక్కసారి ఎగుస్తుంది. ఆ కుదుపుని ముందే ఊహించి ఇంజిన్‌ని కొంచెం తగ్గించేలా సాఫ్ట్‌వేర్ రాయాలి. ఎక్కువ తగ్గిస్తే వేగం పోతుంది, తక్కువ తగ్గిస్తే పెనాల్టీ. పాత జట్లు ఈ గీతకి వెంట్రుకవాసి దూరంలో నడుపుతాయి. కొత్త జట్టు మొదట్లో భయంతో దూరంగానే ఉంటుంది, అలా ఉండడమే మేలు. ఆ తేడా ల్యాప్ టైములో కనిపిస్తే ఇంజిన్ బలం లేదని అనుకోకూడదు.

బ్రేకుల కథ కూడా సాఫ్ట్‌వేర్ కథే. బ్రేక్ వేసినప్పుడు వెనక ఇరుసు మీద కొంత పని మోటార్ చేస్తుంది, మిగతాది డిస్కులు చేస్తాయి. బ్యాటరీ చిన్నది కాబట్టి త్వరగా నిండుతుంది. నిండగానే మోటార్ తప్పుకుంటుంది, ఆ లోటుని హైడ్రాలిక్ బ్రేక్ క్షణంలో పూడ్చాలి. లెక్క కొంచెం తప్పితే వెనక చక్రాలు లాకవుతాయి. టైర్ వార్మర్లు నిషేధం కాబట్టి చల్లటి టైర్లతో పిట్ నుంచి బయటికొచ్చిన మొదటి ల్యాప్‌లో ఇది మరీ ప్రమాదం. మిషెలిన్ 2026కి త్వరగా వేడెక్కే కొత్త టైర్లు తెస్తోంది. పాత టైర్ల మీద పోగేసిన డేటా అందరికీ కొంత పాతబడుతుంది కాబట్టి, కొత్తగా వచ్చేవాళ్లకి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

చాసిస్ గురించి నాకు బెంగ లేదు. ఇదే ఒరెకా పునాది మీద కట్టిన ఆక్యురా ఏఆర్ఎక్స్-06, 2023లో తన మొట్టమొదటి రేసులోనే డేటోనా 24 గంటలు గెలిచింది. అదే పునాది మీద కట్టిన ఆల్పీన్ ఏ424 మొదటి లె మాన్ మాత్రం వేరేలా నడిచింది. 2024లో రెండు కార్లూ ఇంజిన్లు పోయి మొదటి కొన్ని గంటల్లోనే ఆగిపోయాయి. 2025 సెప్టెంబర్‌లో అదే ఆల్పీన్ జపాన్‌లోని ఫుజిలో గెలిచింది. ఒకే చాసిస్‌కి రెండు రాతలు, తేడా ఇంజిన్‌లో. జెనెసిస్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఆక్యురా కథని మరిచిపోయి ఆల్పీన్ కథని దగ్గర పెట్టుకోవాలి. ఫుజిలో గెలిచిన ముగ్గురు డ్రైవర్లలో ఒకడైన పాల్-లూ షాతాన్ ఇప్పుడు జెనెసిస్‌లో ఉన్నాడు. ఇంజిన్ గెలవడానికి ముందు ఎలా విరుగుతుందో ఆ జట్టులో ఉండి చూసినవాడు. ఏ గొప్ప పేరుకన్నా కొత్త జట్టుకి అతను విలువైనవాడని నేను నమ్ముతాను.

గొప్ప పేర్లకీ కొదవలేదు. ఆండ్రే లోటరర్ లె మాన్‌ని మూడుసార్లు గెలిచాడు, 2024 ప్రపంచ చాంపియన్. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన విద్యుత్ కార్ల రేసు ఫార్ములా ఈ చూసినవాళ్లకి అతను గుర్తుండాలి, అప్పుడు ఆండ్రెట్టి జట్టులో నడిపాడు. పీపో దెరానీ అమెరికాలోని సెబ్రింగ్ 12 గంటల రేసుని నాలుగుసార్లు గెలిచాడు. పోర్షే నుంచి మాత్యూ జామినే వచ్చాడు. డానియల్ హుంకాదెల్లా, కుర్రాడు మాతిస్ జోబేర్ ఇద్దరూ 2025లో ఐడెక్ స్పోర్ట్ జట్టుతో యూరోపియన్ లె మాన్ సిరీస్‌లో ఒక మెట్టు కింది తరగతి అయిన ఎల్ఎంపీ2 కారు నడిపి తేలారు. ఆ ఏడాది మొదటి రేసు బార్సిలోనాలో గెలిచారు కూడా. అది డ్రైవర్లకి మాత్రమే శిక్షణ అనుకోవద్దు. ఆ ఎల్ఎంపీ2 కారు కూడా ఒరెకాదే. మెకానిక్‌లకీ, స్ట్రాటజీ చూసేవాళ్లకీ, రేడియోలో మాట్లాడే ఇంజినీర్లకీ చేతులు తిరిగింది అక్కడే. జట్టు స్థావరం దక్షిణ ఫ్రాన్స్‌లో పాల్ రికార్ సర్క్యూట్ దగ్గర లె కాస్తెలేలో ఉంది. ఒరెకా వర్క్‌షాప్ కూడా ఆ పక్కనే సిన్యాలో. 2025 ఆగస్టులో కారు మొదటిసారి ట్రాక్ ఎక్కింది కూడా పాల్ రికార్‌లోనే. ఒక భాగం విరిగితే దాన్ని గీసినవాడి బల్ల మీదకి అదే రోజు చేర్చగల దూరం. ఈ సౌకర్యం ఎన్ని కోట్లు పోసినా దూరపు జట్లకి దొరకదు.

లగ్జరీ బ్రాండ్లకి ఈ ఆటలో చెడ్డ ఉదాహరణ లంబోర్గినీ. ఎస్‌సీ63 2024 లె మాన్‌లో 10, 13 స్థానాల్లో నిలిచింది. మొదటిసారికి అది మంచి ఫలితం. 2025 నుంచి ప్రతి కంపెనీ రెండేసి కార్లు నడపాలన్న నిబంధన రాగానే ప్రపంచ చాంపియన్‌షిప్ నుంచి తప్పుకుంది. ఒక కారుతో సీజన్ నడిపితే నేర్చుకునేది సగమే అవుతుంది, రెండో కారు పోలిక లేకపోతే లోపం సెటప్‌దో డ్రైవర్‌దో తేలదు. జెనెసిస్ మొదటి రోజు నుంచే రెండు కార్లు పెట్టింది, 2027లో అమెరికా ఇమ్సా సిరీస్‌కి వెళ్తామంటోంది. అంటే మూడు నాలుగేళ్ల లెక్కతో వచ్చారు. కారుని ఒకసారి హోమోలోగేట్ చేశాక, అంటే అధికారుల ఆమోదం పొందాక, పనితీరు పెంచే మార్పులకి ఐదు 'జోకర్లే', అంటే ఐదు అవకాశాలే ఉంటాయి. మొదటి ఏడాది కంగారులో రెండు మూడు వాడేస్తే తర్వాత చేతులు కట్టేసినట్టే. కాబట్టి మొదటి సీజన్‌లో వాళ్లు వేగం కోసం ఏమీ మార్చకపోతే నిరాశపడను, సంతోషిస్తాను.

జెనెసిస్ కార్లు మన దగ్గర ఇంకా అమ్మకానికి లేవు కానీ గ్రూపు మనకి కొత్త కాదు. కియా కార్లు పెనుకొండలో తయారవుతున్నాయి, హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ హైదరాబాద్‌లో ఉంది.

2026 లె మాన్ జూన్ 13, 14 తేదీల్లో. అక్కడ సాయంత్రం 4 గంటలంటే మనకి శనివారం రాత్రి 7:30. చూసేటప్పుడు స్కోరు పట్టిక కన్నా గ్యారేజీని గమనించండి. కారు లోపలికి తోసి ముందు భాగం తీస్తే చాలావరకు బ్రేకులో, ఢీకొన్న దెబ్బో. కొన్ని నిమిషాల్లో తేలుతుంది. వెనక మూత లేపి మెకానిక్‌లు ముట్టుకోకుండా కారు మీది భద్రతా లైటు వైపు చూస్తుంటే అది హైబ్రిడ్ సమస్య కావచ్చు: ఆ లైటు పచ్చగా ఉంటేనే కారుని ముట్టుకోవచ్చు, ఎర్రగా ఉంటే ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకున్నవాళ్లకి తప్ప ఎవరికీ అనుమతి లేదు. అలాంటప్పుడు పని చిన్నదైనా ల్యాప్‌లు పోతాయి. స్ట్రెయిట్ చివర నీలి పొగ కనిపిస్తే పిస్టన్ రింగులు గానీ, టర్బో సీలు గానీ పోయినట్టు. తెల్లపొగ ఆగకుండా వస్తే నీళ్లు సిలిండర్‌లోకి దిగుతున్నట్టు, ఇక ఆ కారు మీద ఆశ వదులుకోవచ్చు. ఆదివారం మన టైము ఉదయం 9:30 ప్రాంతంలో అక్కడ తెల్లవారుతుంది. అప్పటికి 14 గంటలు పూర్తయి ఉంటాయి. ఆ వెలుతురులో నారింజ కార్లు రెండూ తిరుగుతూ కనిపిస్తే, అవి ఏ స్థానంలో ఉన్నా నాకు అక్కర్లేదు.