సంక్రాంతికి ముందు ఆరుబయట పచ్చళ్ల స్టాల్: నా అనుభవం

విజయవాడలో మా అత్తగారితో కలిసి నేను నడుపుతున్న చిన్న పచ్చళ్ల వ్యాపారం మొదటినుంచీ ఫోను ఆర్డర్ల మీదే సాగుతూ వచ్చింది. ఫోటో చూసి కొనేవారికి పచ్చడి రంగు తెలుస్తుంది గాని రుచి తెలియదు. అందుకని సంక్రాంతికి ముందు వచ్చే శని, ఆదివారాల్లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల ఆవరణలో ఆరుబయట స్టాల్ పెట్టి, వచ్చినవారికి వేడి అన్నంలో కలిపి ఒక్క ముద్ద రుచి చూపించి, ఆ తరువాతే అమ్మాలని నిర్ణయించుకున్నాము. తక్కిన ఏర్పాట్లన్నీ ఈ నిర్ణయాన్ని బట్టే సాగాయి.

జనవరి నెలను ఎంచుకోవడానికి కారణం ఒక్క చల్లదనమే కాదు. అప్పటికి ఉసిరికాయ, చింతకాయ పచ్చళ్లు కొత్తగా సిద్ధమవుతాయి, చాలా ఇళ్లలో వేసవినాటి ఆవకాయ జాడీ అడుగుకు చేరుతుంది, పైగా పండక్కి వచ్చి తిరిగి వెళ్లే పిల్లలకు ఏదో ఒకటి కట్టి పంపాలని ప్రతి తల్లీ చూస్తుంది. ఇలాంటి అమ్మకాలకు తేదీని హాలు ఖాళీని బట్టి కాక, ఇళ్లలో ఏ సరుకు ఎప్పుడు అవసరమవుతుందో చూసి పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అసోసియేషన్ వారి నుంచి నోటిమాటగా కాకుండా లేఖ రూపంలో అనుమతి తీసుకున్నాము. వేళలు, అద్దె, బయటివారి వాహనాలు నిలిపే చోటు, చెత్త తీసే బాధ్యత, వాడుకోదగిన కరెంటు, ఇవన్నీ అందులో రాయించుకున్నాము. మాది ప్రైవేటు ఆవరణ గనుక సరిపోయింది. రోడ్డు పక్కనో పార్కులోనో పెట్టదలచినవారు నగరపాలక సంస్థను, పోలీసులను ముందుగా అడగాలి. ఆహార పదార్థాలు అమ్మేవారికి కావలసిన ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ మాకు అంతకుముందే ఉంది. ఆ 14 అంకెల నంబరుతోపాటు పదార్థాల పేర్లు, నికర బరువు, తయారీ తేదీ, ఎం.ఆర్.పి., శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు ప్రతి ప్యాకెట్ మీదా ఉండేలా చూసుకున్నాము. చదువుకున్న కొనుగోలుదారులు ముందుగా ప్యాకెట్ తిప్పి వెనకవైపే చూస్తారు.

స్థలం చూడటానికి మధ్యాహ్నం మూడు గంటల వేళ వెళ్లడం ఎంతో మేలు చేసింది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు గనుక స్టాల్ ముఖం ఉత్తరానికి పెట్టి, వెనకవైపు మందపాటి గుడ్డ కట్టించాము. దానితో సీసాల మీద ఎండ పడలేదు, ఎదురుగా నిలబడినవారి కళ్లలో కూడా ఎండ పడకుండా గుడ్డ అడ్డుపడింది. ఎండలో ఉంచిన సీసాలో నూనె పలచబడి మూత అంచున ఊరుతుంది. అలా జిడ్డు పట్టిన సీసాను ఎవరూ చేతిలోకి తీసుకోరు. గచ్చునేల గనుక టెంట్ హౌస్ వారు గుంజలు పాతలేకపోయారు. అందువల్ల ఒక్కొక్క కాలికి 20 లీటర్ల నీళ్ల క్యాను ఒకటి తాడుతో బిగించి కట్టాము. ఒక్కొక్కటి సుమారు 20 కిలోల బరువు; సాయంత్రం గాలి లేచినా పందిరి కదలలేదు. చేతులు కడుక్కోవడానికి వేరే క్యాన్లు పెట్టాము, ఎందుకంటే కట్టిన క్యాన్లు ఖాళీ అయితే బరువే ఉండదు.

కరెంటు విషయంలో మా మరిది ఇచ్చిన సలహా అమూల్యమైనది. "వదినా, మామూలు 6 యాంపియర్ల సాకెట్ సుమారు 1,300 వాట్ల వరకే తట్టుకుంటుంది, రెండు రైస్ కుక్కర్లు, లైట్లు కలిపి దానికి తగిలించవద్దు" అన్నాడు. మా కుక్కర్ ఒక్కొక్కటి 700 వాట్లది. అందుకని కుక్కర్లకు 16 యాంపియర్ల సాకెట్ విడిగా ఇప్పించుకుని, లైట్లను వేరే లైనుకు కలిపి, నడిచే దారిలో ఉన్న వైరంతా టేపుతో నేలకు అంటించాము.

రుచి చూపించడానికి ఆకు దొన్నెలు తెప్పించాము. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. ఆ నిషేధం లేకపోయినా పచ్చడన్నం ఆకులో తింటేనే తృప్తి. కిలో బియ్యం వండితే రెండున్నర కిలోలకు పైగా అన్నం అవుతుంది, చిన్న ముద్దలుగా పెడితే దాదాపు వందమందికి వస్తుంది. ఒకేసారి వండి పెట్టుకోకుండా, ఒక కుక్కర్‌లో అన్నం సగానికి వచ్చేసరికి రెండోదాన్ని ఆన్ చేసేవాళ్లము, ఎందుకంటే చల్లారిన అన్నంలో ఉసిరికాయ పచ్చడి గుణం తెలియదు.

మొదటి సాయంత్రం ఒక పెద్దాయన దొన్నె పట్టుకుని, "అమ్మాయ్, ఏం నూనె వాడారు?" అని అడిగారు. "నువ్వుల పప్పునూనే బాబాయిగారూ, గానుగలో ఆడించింది" అని మా అత్తగారు చెప్పి, నూనె డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆయన వాసన చూసి, ఇంటికి వెళ్లి భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. అప్పటినుంచి పప్పునూనె సీసా, ఎండుమిరపకాయలు, ఆవాలు బల్లమీద చిన్న గిన్నెల్లో పెట్టి ఉంచాము. అడగడానికి మొహమాటపడేవారికి అవే సమాధానం చెప్పాయి.

ప్యాకెట్లలో 100 గ్రాములవి ఎక్కువగా సిద్ధం చేశాము. రుచి చూసినవారు ఒకేరకం పెద్ద సీసా కన్నా మూడు నాలుగు రకాలు చిన్నవిగా తీసుకోవడానికే ఇష్టపడతారు. యూపీఐ కోసం క్యూఆర్ అట్టను ముద్ద పెట్టే చోట కాకుండా బల్ల రెండో చివర ఉంచడంతో, తినేవారు, డబ్బు కట్టేవారు ఒకరికొకరు అడ్డం కాలేదు. అయినా పెద్దవారి కోసం పది, ఇరవై రూపాయల చిల్లర ముందే తెచ్చి పెట్టుకున్నాము.

ఇష్టపడి చెప్పినవారి ఫోను నంబర్లు, వారు మెచ్చిన రకంతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాము. పండగ దాటాక వచ్చిన ఆర్డర్లలో ఎక్కువ భాగం ఆ పుస్తకంలోని పేర్లవే. అద్దె, టెంటు, బియ్యం, ఆటో ఖర్చులు మొదటి సాయంత్రం అమ్మకాలతోనే తీరాయి. తరువాతి స్టాల్ ఉగాది దాటాక, కొత్త మామిడికాయలు మార్కెట్‌లోకి దిగే సమయానికి పెట్టాలని అదే అసోసియేషన్ వారిని అడిగాము. అప్పుడు ఆవకాయ అమ్మడంతోపాటు, ఎవరికి ఎన్ని కిలోలు, వెల్లుల్లి వేసింది కావాలా వద్దా అని ముందే రాయించుకుని, అంతమేరకే కాయ కొట్టించాలని మా అత్తగారి ఆలోచన.