ఖాళీ కుర్చీ షాట్: అంచు ఇంకా రెండు గీతలే

హిచ్‌కాక్ 1928 మూకీ ‘ది ఫార్మర్స్ వైఫ్’లోని కుర్చీ షాట్‌ని ఫిల్మ్ కెమెరాతో మళ్లీ తీయాలని చూస్తున్నాను; ఈ రోల్‌లోనూ కుదరలేదు. డెవన్ పల్లెలో భార్యపోయిన రైతు స్వీట్‌లాండ్ పెళ్లికి పేర్ల జాబితా రాయించి, ఎదుటి ఖాళీ కుర్చీలో ఒక్కో ఆడమనిషినీ ఊహించుకుంటాడే, అదే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు నిమిషాల పని. కెమెరాలోనే చేయకపోతే ఇక సరదా ఏముంది?

ఎక్స్‌పోజర్ బాగుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముల్లో ట్రై-ఎక్స్ నలుపు ముందు ఫోమా నాకు ఆనదు. ఖాళీ కుర్చీలో మనిషి మెల్లగా తేలేలా, బోలెక్స్ ఫిల్మ్ కెమెరా షట్టర్ 48 ఫ్రేముల్లో మూసి, ఫిల్మ్ ఆరు చుట్లు వెనక్కి తిప్పి, అక్కని కూర్చోబెట్టి మళ్లీ 48లో తెరిచాను. మధ్యలో వెలుగు తగ్గలేదు.

గొడవంతా కుర్చీ వీపుతో. అక్క ప్రత్యక్షమయ్యేటప్పుడు దాని అంచు రెండుగా చీలుతోంది. కెమెరా గేట్‌లో (ఫిల్మ్‌కి వెలుగు తగిలే కిటికీ) ఫిల్మ్ కదిలిందంటే వెనక గోడ గడియారం కూడా చీలాలి. అది సూదిలా స్పష్టంగా ఉంది. ట్రైపాడ్ మీద అనుమానమూ దాంతోనే పోయింది. కుర్చీ కాళ్లు నేలకు స్క్రూలతో బిగించే ఉన్నాయి, కాళ్ల దగ్గర గీత ఒకటే. చేతుల దగ్గర కొంచెం ఎడం, వీపు పైకొచ్చేసరికి 1.5 మీటర్ల తెర మీద దాదాపు 10 మిల్లీమీటర్లు. అంటే జరగడం లేదు, వాలుతోంది. స్కేలు ఆనించి అక్కని కూర్చోమంటే వీపు పైభాగం 7 మిల్లీమీటర్లు వెనక్కి పోయింది. 25 ఎంఎం లెన్స్, రెండున్నర మీటర్ల దూరం, ఫ్రేములో పట్టే వెడల్పు సుమారు మీటరు, తెర మీద అది ఒకటిన్నర రెట్లు; లెక్క సరిపోయింది. కుర్చీ పక్కకి తిరిగి ఉంది కాబట్టి ఆ వాలు మొత్తం కనబడుతుంది. (“నా బరువు గురించి నెట్‌లో రాస్తావా” అని అక్క అలిగింది.)

సీటు కింద పట్టీలు సాగుతున్నాయేమో అని ఇంకో అనుమానం. వీపు వెనక ఇనుప పట్టీ గోడకి బిగిస్తే తేలిపోతుంది. కెమెరా వైపు కనబడకుండా ఎలా అన్నదే చూడాలి.

ఈ సినిమాకి కెమెరామన్ జాక్ కాక్స్ జబ్బుపడితే హిచ్‌కాక్ తనే లైటింగ్ చేసి, నమ్మకం లేక టెస్టు ముక్కలు ల్యాబ్‌కి పంపి చూసుకునేవాడట. నేనూ ఈసారి ముందు పది అడుగుల ఫిల్మే కడిగిస్తాను. అది నిలబడితే రైతు జాబితాలోని విండియాట్, థిర్జా, మేరీ, మెర్సీ నలుగురూ ఒకే రోల్‌లో. వదిన, పిన్ని ఒప్పుకున్నారు. నాలుగో మనిషి కావాలి, తేలికగా ఉంటే మరీ మంచిది.