కాగితం మీద రాసివ్వండి

మా తమ్ముడికి ఆటిజం ఉందని తెలియగానే ‘ఇలాంటి పిల్లలకు వేరే బడులున్నాయి కదమ్మా’ అని ఎంతో మర్యాదగా సాగనంపబోయిన ప్రధానోపాధ్యాయులు, ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అమ్మ అడిగేసరికి ప్రవేశం ఇచ్చారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాన్ని చేర్చి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకునేలా చూడాలని 16వ సెక్షన్‌లో పేర్కొంది. అయితే చేర్చుకుని, చివరి బెంచీలో కూర్చోబెట్టి, గంట మోతకు చెవులు మూసుకుంటే క్రమశిక్షణ లేదని డైరీలో రాసే బడిని ఎవరు ప్రశ్నించాలి? వికలాంగుల హక్కులను చూసే రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆయన సిఫారసుపై ఏం చేశారో సంబంధిత అధికారులు 3 నెలల్లోగా తెలపాలి, అంగీకరించకపోతే కారణం చెప్పాలి. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా 10,000 రూపాయలకు మించదు (చాలా ప్రైవేటు బడుల్లో ఒక్క విద్యార్థి ఏడాది ఫీజు అంతకన్నా ఎక్కువే). అందుకే, ఆటిజం ఉన్న పిల్లలను ఎందరిని చేర్చుకున్నారో, వారిలో ఎందరు మధ్యలోనే వెళ్లిపోయారో, ఎందుకు వెళ్లిపోయారో ప్రతి బడీ ఏటా బహిరంగంగా ప్రకటించాలని విద్యాశాఖను కోరుతున్నాను.