బైరాన్‌పల్లి బురుజు, భర్మార్ తుపాకీ

హనుమకొండ నుంచి జనగామ, అక్కడి నుంచి చేర్యాల దారి, చివరికి ఆటో. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉంది.

1948లో ఊరి యువకులు రజాకార్ల రాకను కనిపెడుతూ కాపలా కాసిన బురుజు ఇంకా నిలిచే ఉంది. వాళ్ల దగ్గర ఉన్నవి వడిసెలలు, గొట్టం మూతి నుంచి మందు కూరే భర్మార్ తుపాకులు. ఆ భర్మార్ల సంగతి తెలుసుకోవాలనే వచ్చాను.

"తాతా, మందు ఎలా నింపేవారు?" అని అక్కడ కూర్చున్న పెద్దాయనను అడిగాను. ఆయన చేతికర్రను నిటారుగా నిలబెట్టారు. "గొట్టం మూతి పైకి ఉండాలి బిడ్డా. మొదట మందు పోయాలి, పీచు కుక్కాలి, గుండ్లు వేయాలి, మళ్లీ పీచు. కడ్డీతో గట్టిగా దంచాలి. ఒకసారి పేలితే మళ్లీ మొదటి నుంచే."

ఆ కడ్డీ ఆడాలంటే మనిషి లేచి ఉండాలి. శత్రువు గురికి అందే క్షణాలు అవే. గొట్టం వెనుక నుంచి తూటా పెట్టే తుపాకీ వచ్చాక సైనికుడికి ఆ గండం తప్పింది. బ్రిటిష్ సైన్యం 1866లోనే పాత ఎన్‌ఫీల్డ్ తుపాకుల వెనుక భాగాన్ని కోసి, తెరుచుకునే మూత అమర్చి స్నైడర్లుగా మార్చుకుంది. 1895లో లీ ఎన్‌ఫీల్డ్ వచ్చింది. మనవాళ్లు 303 అనేది ఈ రకాన్నే. బోల్టు వెనక్కి లాగితే ఖాళీ గుల్ల బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి. తర్ఫీదు పొందిన సిపాయి నేల మీద పడుకునే నిమిషానికి 15 సార్లు గురిచూసి కాల్చగలడు. భర్మార్ ఎంత నేర్పరి చేతిలోనైనా రెండు మూడు సార్లకు మించి పేలదు.

ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం సైన్యాన్ని వెంటబెట్టుకుని, ఫిరంగులతో ఊరి మీద పడ్డారు. అంతకుముందు దాడులను తిప్పికొట్టిన ఊరు అది. ధైర్యం తగ్గి ఓడిపోలేదు, ఆయుధాల్లో తేడా వల్ల ఓడింది. పట్టుబడిన వాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు.

అమరుల స్తూపం దగ్గర చాలాసేపు ఉన్నాను. ఇక్కడ ఒక భర్మార్‌ను, ఒక 303ను పక్కపక్కనే ఉంచి, ఒకదానిలో మందు, మరొకదానిలో తూటా నింపే తీరు పిల్లలకు బొమ్మలతో వివరించాలి. బురుజు మీద నిలిచినవాళ్లు దేనికి ఎదురొడ్డారో అప్పుడే వాళ్లకు అర్థమవుతుంది.