26వ నంబరు దగ్గర ఆగిపోయిన ఫైలు

మా బాబాయి ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. పూటకి అరవై మంది దాకా పోస్తారు. ఎవరివి ఎన్ని లీటర్లు, వెన్న ఎంత అన్నది ఇన్నాళ్లూ నోటు పుస్తకంలోనే ఉండేది. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆయన విండోస్ కంప్యూటర్‌లో నడిచేలా సీ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. సభ్యుడి నంబరుకి ఒక ఇంట్ (పూర్ణ సంఖ్య, నాలుగు బైట్లు), పూటకి ఒక క్యార్ (ఒక అక్షరం, ఒక బైటు), లీటర్లకి, వెన్నకి చెరో ఫ్లోట్ (దశాంశ సంఖ్య, నాలుగు బైట్లు). నాలుగూ కలిపి ఒక మూట, సీలో దాన్ని స్ట్రక్ట్ అంటారు. పాలు పోసిన ప్రతిసారీ ఎఫ్‌రైట్ అనే ఫంక్షన్‌తో దాన్ని ఫైల్లో ఒక రికార్డుగా పడేయడమే. పూటకో ఫైలు.

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. "పొద్దున అరవై మంది పోశార్రా. దీంట్లో చూస్తే పదకొండు మందే ఉన్నారు. మిగతావాళ్ల పాలు ఏమైనట్టు?"

నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. పదిహేను రోజులకోసారి ఇచ్చే బిల్లు ఈ లెక్క మీదే వేస్తారు. నోటు పుస్తకం మాత్రం ఆపొద్దని చెప్పి, ఫైళ్లు పంపించమన్నాను. సాయంత్రం ఫైల్లో ముప్పై తొమ్మిది మంది కనిపించారట. పుస్తకంతో పోల్చి చూడమంటే, రెండు పూటలా ఆగిపోయింది ఒకే మనిషి దగ్గర అని తేలింది. 26వ నంబరు సభ్యుడు. ఆయన ఎంత తొందరగా వచ్చి పోస్తే, వెనకాల అంతమంది మాయం.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్. అక్కడ అదే ప్రోగ్రామ్‌తో పొద్దుటి ఫైలు తెరిస్తే 26 దగ్గర ఆగలేదు కానీ, కాస్త ముందుకెళ్లాక 2573 అనే సభ్యుడు వచ్చాడు. ఊళ్లో అంతమంది జనమే లేరు! ఆ తర్వాత అంతా చెత్త. ఫైలు సైజు చూశాను. రికార్డుకి 16 బైట్లు, అరవై రికార్డులు, 960 ఉండాలి. 961 ఉంది.

ఆ అదనపు బైటు కోసం, ఫైల్లోని బైట్లను చూపించే ఓడీ కమాండ్‌తో ఫైలును అంకెల్లో పరిచి చూశాను. 9వ సభ్యుడు 9 0 0 0 అని సరిగ్గానే ఉన్నాడు. 10వ సభ్యుడు మాత్రం 13 10 0 0 0. నేను రాయని 13 అక్కడ కూర్చుంది. రెండో బైటులోని ఒక్కోటీ 256తో సమానం కాబట్టి, 13కి 256 పదులు కలిపితే 2573.

తప్పు ఫైలును తెరిచే ఎఫ్‌ఓపెన్‌లో ఉంది. నేను ఇచ్చింది ఉత్త డబ్ల్యూ, అంటే రాయడానికి తెరువు అని. డబ్ల్యూబీ అంటే బైట్లను ఉన్నవి ఉన్నట్టు (బైనరీగా) రాయమని. లైనక్స్‌లో డబ్ల్యూకీ డబ్ల్యూబీకీ తేడా లేదు, కాలేజీ ల్యాబ్‌లో నేను నేర్చుకున్నది లైనక్స్ మీదే. విండోస్‌లో బీ లేకపోతే అది టెక్స్ట్ ఫైలు. 10 అంటే కొత్త లైను కాబట్టి ముందు ఒక 13 చేర్చి రాస్తుంది. చదివేటప్పుడు ఆ 13ని తీసేస్తుంది, అందుకే బాబాయి కంప్యూటర్‌లో 10వ నంబరుతో ఏ ఇబ్బందీ రాలేదు. కానీ 26 కనిపిస్తే ఫైలు అయిపోయిందనుకుంటుంది. ఇది సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కాలం నాటి అలవాటు. అప్పట్లో ఫైలు పొడవు 128 బైట్ల ముక్కల లెక్కనే ఉండేది, అసలు రాత ఎక్కడ ముగిసిందో చెప్పడానికి 26ని గుర్తుగా పెట్టేవారు.

మంచి సంగతేమిటంటే రాసింది ఏదీ పోలేదు. ప్రతి 10 ముందూ సరిగ్గా ఒకే 13 చేరింది కాబట్టి, ఆర్‌బీతో, అంటే బైట్లను ఉన్నవి ఉన్నట్టు చదివేలా తెరిచి వాటిని తీసేస్తే పాత ఫైళ్లన్నీ యథాతథంగా వచ్చేశాయి. 13వ నంబరు సభ్యుడి జోలికి మాత్రం పోకూడదు, ఆయన వెనక ఉండేది 10 కాదు, సున్నా.

ఎఫ్‌ఓపెన్‌లో బీ చేర్చాక, పనిలో పనిగా ఇంకోటి సరిచేశాను. నాలుగూ ఒకటీ నాలుగూ నాలుగూ కలిపితే 13 కదా, 16 ఎందుకైంది? క్యార్ తర్వాత వచ్చే ఫ్లోట్‌ను నాలుగు బైట్ల హద్దు మీద పెట్టడానికి కంపైలర్ (సీ రాతను యంత్ర భాషలోకి మార్చేది) మూడు ఖాళీ బైట్లు వదిలింది. ఇంకో కంపైలర్ ఇలాగే వదలాలని లేదు. అందుకే స్ట్రక్ట్‌ను గంపగుత్తగా రాయడం మానేశాను. నంబరుకి రెండు బైట్లు, పూటకి ఒకటి, లీటర్లు పదితో హెచ్చించి రెండు, వెన్న అలాగే ఒకటి. 6.7 వెన్న ఫ్లోట్‌లో ఖచ్చితంగా ఇమడదు, 67 అయితే ఇముడుతుంది. రెండు బైట్ల అంకెల్లో చిన్న బైటు ముందు, పెద్దది తర్వాత, నా చేత్తో నేనే విడదీసి రాస్తున్నాను. 300 అంటే ఎక్కడైనా 44, 1.

ఇప్పుడు అరవై మందికి 360 బైట్లు. సైజు ఆరుతో భాగించి శేషం వస్తే ప్రోగ్రామ్ ఆ ఫైలును ముట్టుకోదు. ఎఫ్‌రైట్, ఎఫ్‌క్లోజ్ ఏం తిరిగిచ్చాయో కూడా చూస్తున్నాను, డిస్కు నిండిన సంగతి ఒక్కోసారి మూసేటప్పుడే బయటపడుతుంది. మిగిలింది కరెంటు. సాయంత్రం పాల వేళకి పోవడం మా ఊళ్లో మామూలే, డిస్కుకి పోకుండా బఫర్‌లో (మెమరీలో) ఆగి ఉన్న రికార్డులు దాంతోపాటే పోతాయి. ప్రతి రికార్డు తర్వాతా బఫర్‌ను ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్ పెట్టాను గానీ అది విండోస్ చేతికి అందిస్తుందంతే, డిస్కు మీదకి చేరిందన్న హామీ లేదు. దాని వెంటే, డిస్కు మీద రాయమని విండోస్‌కి చెప్పే కమిట్ కూడా పిలవాలి. ఈ ఆదివారం ఊరెళ్లి, బాబాయి పక్కన కూర్చుని, పాలు పోస్తుండగా ప్లగ్గు పీకి చూస్తాను. నోటు పుస్తకం అప్పటిదాకా నడుస్తుంది.